ఏటీవీ వెనక ట్రైలర్‌కి అన్ని వైపులా తిరిగే హిచ్ కావాలి, ఏది తీసుకోను?

సెడార్‌కొండ
ఆస్టిన్‌కి పడమర, హిల్ కంట్రీలో మాకు 22 ఎకరాలు ఉంది. అంతా సున్నపురాయి, మధ్యలో ఎండిపోయిన వాగు ఒకటి. సెడార్ చెట్లు కోసి దుంగలు ఇంటి దగ్గరకి చేరేయడమే శీతాకాలమంతా నా పని. బండి యమహా గ్రిజ్లీ 700, రాళ్లలో గట్లలో తిరిగే నాలుగు చక్రాల ఏటీవీ. వెనక హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) దూర్చే 2 అంగుళాల రిసీవర్ గొట్టం, దానికి 1-7/8 అంగుళాల బాల్. ట్రైలర్ రెండు చక్రాలది, చిన్నది.

పోయిన శనివారం వాగుని ఏటవాలుగా దాటుతుంటే ట్రైలర్ కుడి చక్రం రాయెక్కింది. సరిగ్గా అప్పుడే ఏటీవీ వెనక కుడి చక్రం గుంతలో దిగింది. ట్రైలర్ ఎడమకి ఒరిగి బోల్తా పడింది. బాల్ మీద కూర్చునే ట్రైలర్ కప్లర్ ఊడలేదు, తిరగనూ లేదు. బిగుసుకుపోయి ఏటీవీని కూడా తనతో పాటు మెలేసి ఎత్తేసింది. నేను కుడి పక్కకి దూకాను కాబట్టి సరిపోయింది. మా అబ్బాయి ఆ రోజు వెనక నడిచి వస్తున్నాడు. మామూలుగా అయితే ట్రైలర్ అంచు మీద కూర్చుంటాడు. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు.

హిచ్ మార్చాలని నిశ్చయించుకున్నాను. పింటిల్ హుక్ అంటారు, స్వివెల్ అంటారు, త్రీ యాక్సిస్ అంటారు. ఏది ఎందుకో అర్థం కావడం లేదు. దుంగలతో కలిపి ట్రైలర్ బరువు 300 కిలోలు దాటొచ్చు. వాడిన వాళ్లు చెప్పండి.

బుల్లెట్‌చక్రం
నువ్వూ బాబూ క్షేమంగా ఉన్నారు, అదే పదివేలు. ఏ హిచ్ వేసినా ఇక మీదట ట్రైలర్‌లో మనిషిని ఎక్కించకు.

సెడార్‌కొండ
ఎక్కించనన్నా. ఆ మాట ఇంట్లో కూడా ఇచ్చేశాను.

వెల్డింగ్‌పొగ
ఒహాయోలో ఫ్యాబ్రికేషన్ షాపులో పని చేస్తాను. ఏటీవీ ట్రైలర్లు చాలా బాగు చేశాను. మీకు జరిగింది తరచూ జరిగేదే.

ముందు కదలికలు విడదీసి చూడండి. ట్రైలర్ బండి వెనక మూడు రకాలుగా కదలాలి. మలుపులో పక్కకి తిరగాలి. గట్టు ఎక్కి దిగేటప్పుడు పైకీ కిందికీ వంగాలి. ఒక చక్రం లేచినప్పుడు మెలి తిరగాలి. బాల్ కప్లర్ మొదటిది చక్కగా చేస్తుంది, రెండోది కొంత చేస్తుంది, మూడోది కొద్దిగానే చేస్తుంది. తారు రోడ్డు మీద ఆ కొద్ది చాలు. వాగులో చాలదు.

లెక్క చూడండి. ట్రైలర్ చక్రాల మధ్య దూరం ఒక మీటరు అనుకుందాం. ఒక చక్రం 30 సెంటీమీటర్ల రాయి ఎక్కితే ట్రైలర్ దాదాపు 17 డిగ్రీలు ఒరుగుతుంది. అదే క్షణంలో ఏటీవీ ఎదురు వైపుకి ఇంకో 17 ఒరిగితే రెంటికీ మధ్య మెలి 34. మా షాపులో ఉన్న ఒక మామూలు కప్లర్‌ని బాల్ మీద పెట్టి పక్కకి వంచి కొలిచాను. 22 దగ్గర దాని పెదవి బాల్ మెడకి తగిలింది. ఆ తర్వాత అది కీలు కాదు, ఇనుప కడ్డీ. ట్రైలర్ ఎటు ఒరిగితే ఏటీవీ కూడా అటే.

కాబట్టి మీకు కావలసింది పెద్ద బాల్ కాదు, గట్టి బాల్ కాదు. మెలి ఎంతైనా తిరిగే కీలు కావాలి.

గోదావరిగట్టు
ఇంత లెక్క ఎందుకు? బండికి పింటిల్ హుక్, ట్రైలర్‌కి లూనెట్ రింగు వేయండి. మిలిటరీ ట్రక్కులకి ఉండేది అదే. హుక్కులో రింగు ఎటైనా తిరుగుతుంది. మా బావమరిది మాంటానాలో వేటకి వెళ్తాడు, పదేళ్లుగా అదే వాడుతున్నాడు.

వెల్డింగ్‌పొగ
గోదావరిగట్టు గారూ, పింటిల్ మంచిదే, నేను కాదనను. ట్రక్కుకి అయితే నేనూ అదే చెప్తాను. ఏటీవీ దగ్గర రెండు ఇబ్బందులు. ఒకటి, రింగుకీ హుక్కుకీ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ వల్లే అది తిరుగుతుంది, ఆ ఖాళీ వల్లే కొడుతుంది. బండి ఆపిన ప్రతిసారీ ట్రైలర్ వెనక నుంచి ఒక గుద్దు. 300 కిలోల ఏటీవీకి 300 కిలోల ట్రైలర్ గుద్దు అంటే దిగువలో బండి పక్కకి పోతుంది. రెండు, హుక్కు బరువు. అది వెళ్లి బండి చిట్టచివర వేలాడుతుంది.

గోదావరిగట్టు
రెండో మాట ఒప్పుకుంటాను. మొదటిది అలవాటు మీద ఉంటుంది. మెల్లగా నడిపేవాడికి గుద్దు తెలియదు.

అడిలైడ్_అన్న
మెల్లగా నడిపినా దిగువలో తప్పదు గోదావరిగట్టు. నేను రెండూ వాడాను.

ఆస్ట్రేలియాలో క్యాంపర్ ట్రైలర్ వాళ్లకి ఇదే గొడవ ముప్పై నలభై ఏళ్ల నుంచీ ఉంది. ఇక్కడ రోడ్డు బాల్ 50 మిల్లీమీటర్లది. ఫ్లిండర్స్ రేంజెస్ కొండల లాంటి చోటికి వెళ్లేవాళ్లు దాన్ని తీసేసి వేరే కప్లింగ్ వేస్తారు. ట్రెగ్ అనేది పాత పద్ధతి, పాలీయురెథేన్ దిమ్మె, దానిలోంచి పిన్ను. దిమ్మె మెత్తన కాబట్టి గుద్దు మింగేస్తుంది, చప్పుడు రాదు. డీఓ35 అనేది తర్వాత వచ్చింది. ఇది పైనుంచి పిన్ను మీద దిగి లాక్ అవుతుంది, మెలి పూర్తిగా చుట్టూ తిరుగుతుంది. మెక్‌హిచ్ అని ఇంకొకటి, యూనివర్సల్ జాయింట్ లాంటిది. నా క్యాంపర్‌కి డీఓ35 ఉంది. ఎర్ర దుమ్ములో రెండు వారాలు తిరిగొచ్చినా ఇబ్బంది పెట్టలేదు, కడిగి గ్రీజు పెడితే చాలు.

సెడార్‌కొండ
అన్నా, డీఓ35 నా ఏటీవీకి వేయొచ్చా?

అడిలైడ్_అన్న
వేయొచ్చు కానీ వద్దు తమ్ముడూ. అది మూడున్నర టన్నులకి చేసింది. నీ 300 కిలోల ట్రైలర్‌కి ఆ బరువైన ఇనుము దండగ. దాని పద్ధతి చూసి నేర్చుకో, వస్తువు మాత్రం చిన్నది కొనుక్కో.

ఇంకో మాట. ఇక్కడ క్వాడ్ బైకులు, అంటే ఏటీవీలే, తిరగబడి రైతులు చాలామంది పోయారు. అందుకే 2021 అక్టోబరు 11 నుంచి పొలాల్లో వాడే కొత్త క్వాడ్ ఏది అమ్మినా వెనక రక్షణ కమ్మీ ఉండాలని చట్టం. బండిని పక్కకి వంచి చూసే పరీక్ష కూడా ఉంది. దాదాపు 29 డిగ్రీల లోపు చక్రాలు లేవకూడదు. వెల్డింగ్‌పొగ చెప్పిన లెక్కలో బిగుసుకున్న కప్లర్ బండిని ఈ 29 డిగ్రీల హద్దు ఒక్క క్షణంలో దాటించేస్తుంది. నీ బండికి కూడా అలాంటి కమ్మీ దొరికితే పెట్టించుకో. హిచ్ కంటే ముందు అదే అంటాను.

పిట్స్‌బర్గ్_అమ్మాయి
మా ఆయన పోయిన ఏడాది స్వివెల్ హిచ్ కొన్నారు. ట్రైలర్ డ్రాబార్‌కి, అంటే ముందుకి ఉండే లాగే కడ్డీకి కూడా, మొదట్లో ఒక తిరిగే కీలు ఉంది. ఇప్పుడు వెనక్కి నడపడం అసలు కుదరడం లేదు, మధ్యలో మడిచి కూర్చుంటోంది. స్వివెల్ అంటే ఇంతేనా?

వెల్డింగ్‌పొగ
కాదండీ. మీ దగ్గర పక్కకి తిరిగే నిలువు పిన్నులు రెండు పడ్డట్టున్నాయి, హిచ్ దగ్గర ఒకటి, డ్రాబార్ దగ్గర ఒకటి. నిలువు పిన్ను ఒక్కటే ఉండాలి. రెండు ఉంటే ముందుకి లాగినంత సేపూ ఏమీ తెలియదు, వెనక్కి తోస్తే మోచెయ్యి మడిచినట్టు మడుచుకుంటుంది. ఒకదాన్ని బోల్టుతో బిగించేయండి. మెలి తిరిగే కీలు మాత్రం రెండు ఉన్నా ఇబ్బంది లేదు.

పిట్స్‌బర్గ్_అమ్మాయి
డ్రాబార్ దగ్గరది బిగించాం. తిన్నగా వెనక్కి వెళ్తోంది! ఏడాది నుంచి ట్రైలర్ విప్పి చేత్తో తిప్పుకుంటున్నాం.

ఇరుసుచీల
మీరంతా ఇంగ్లీషు పేర్లు చెబుతున్నారు గానీ ఎడ్లబండిలో ఇది ఎప్పుడో ఉంది. నొగకి కాడిని మేకు కొట్టి బిగించరు, తాడుతో కడతారు. చేలోంచి గట్టెక్కేటప్పుడు ఒక ఎద్దు పైన, ఒక ఎద్దు కింద ఉంటుంది. కాడి ఏటవాలుగా ఒరుగుతుంది, నొగ మాత్రం తిన్నగానే ఉంటుంది. అదే బిగించి ఉంటే బండి పక్కకి పడాలి, లేదా ఎద్దు మెడ విరగాలి. మా నాన్న ఆ తాడు కట్టు చూడకుండా ఏ రోజూ బండి తోలేవాడు కాదు. మరీ బిగిస్తే విప్పి మళ్లీ కట్టించేవాడు.

సెడార్‌కొండ
బాబాయ్, మా తాతగారి బండి కాడి కట్టు నేనూ చూశాను. ఎందుకలా కడతారో ఇప్పుడు తెలిసింది.

నూజివీడు_తోట
మనవైపు నుంచి ఒకడిని నేనున్నాను. 2021లో పొలారిస్ వాళ్లు స్పోర్ట్స్‌మన్ 570ని ఇండియాలో ట్రాక్టర్‌గా రిజిస్టర్ అయ్యేలా తెచ్చారు. తర్వాత ఏడాది ఒకటి తీసుకున్నాను. మామిడి తోట, కాలవ గట్లు, వరసల మధ్య పెద్ద ట్రాక్టర్ తిరగదు. మామిడి కాయల క్రేట్లు గట్టు దాటించడానికి దీని వెనక చిన్న ట్రక్కు, అంటే ట్రైలరే, పెట్టాను.

మొదట మామూలు ట్రాక్టర్ ట్రక్కుకి ఉన్నట్టే చేయించాను. డ్రాబార్ కొసకి రింగు, బండికి రెండు రేకుల మధ్య పిన్ను. పెద్ద ట్రాక్టర్‌కి అది చాలు, రింగు వదులుగా ఉంటుంది, ట్రాక్టర్ బరువుకి ట్రక్కు ఏమీ చేయలేదు. ఏటీవీకి చాలలేదు. గట్టు మీద రింగు రెండు రేకుల మధ్య ఇరుక్కునేది.

విజయవాడ ఆటోనగర్‌లో లేతు పని చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్తే డ్రాబార్‌ని మధ్యలో కోసి, లోపల గుండ్రటి షాఫ్టు, పైన పైపు పెట్టి తిరిగేలా చేశాడు. కొసన నట్టు, స్ప్లిట్ పిన్ను, రెండు పక్కలా గన్‌మెటల్ వాషర్లు, పైన గ్రీజు నిప్పల్. మూడు సీజన్లు అయింది. ట్రక్కు ఒకసారి కాలవలో పడుకుంది, ఏటీవీ గట్టు మీద కదల్లేదు. కాయ మాత్రం పోయింది.

వెల్డింగ్‌పొగ
నూజివీడు గారూ, ఆయన చేతికి దణ్ణం పెట్టాలి. వాషర్ సంగతి చాలామంది మరిచిపోతారు. లాగే బరువంతా ఆ నట్టు మీదే పడుతుంది, అక్కడ ఇనుము ఇనుముని తింటుంది.

సెడార్‌కొండ గారూ, ఇది మీరూ చేయించుకోవచ్చు. మేము అయితే ట్రైలర్ చక్రం స్పిండిల్‌నే, అంటే చక్రం తిరిగే ఇరుసు మొననే, తీసుకుంటాం. బేరింగులతో హబ్, క్యాజిల్ నట్టు, అన్నీ సిద్ధంగా వస్తాయి. డ్రాబార్‌లో పొడుగ్గా పెట్టి వెల్డ్ చేస్తే మెలి కీలు తయారు. వెల్డింగ్ చేసేవాడికి ఒక హెచ్చరిక, గాల్వనైజ్డ్ పైపు అయితే జింకు పూత పూర్తిగా గ్రైండ్ చేశాకే మంట పెట్టాలి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.

నల్లరేగడి
నేను ఒప్పుకోను. మెలి పూర్తిగా వదిలేస్తే ట్రైలర్ ఒరుగుతున్న సంగతి నడిపేవాడికి తెలియదు. బాల్ ఉంటే సీటు కింద లాగినట్టు తెలుస్తుంది, అప్పుడు ఆపుకుంటాం. కాన్సాస్‌లో మా పక్క పొలం ఆయన స్వివెల్ వేసుకుని బోల్తాపడిన ట్రైలర్‌ని వంద అడుగులు ఈడ్చుకెళ్లాడు. ఎరువు బస్తాలన్నీ దారి పొడుగునా చిరిగాయి.

గోదావరిగట్టు
ఇది ఆలోచించాల్సిన మాటే.

అడిలైడ్_అన్న
నల్లరేగడి, బస్తాలు పోయాయి, మనిషి ఉన్నాడు కదా. సీటు కింద తెలిసేది నిజమే. తెలిసిన తర్వాత ఎంత సమయం ఉంటుంది? సెడార్‌కొండకి తెలిసింది, దూకేంత సమయం దొరికింది, ఆపేంత దొరకలేదు.

సెడార్‌కొండ
నిజం అన్నా. ఒరగడం తెలిసీ నేను చేసిందల్లా బ్రేకు తొక్కడం. దానితో ఇంకా బిగుసుకుంది.

నల్లరేగడి
సరే, స్వివెల్ వేయండి. కానీ వెనక చూడటానికి హ్యాండిల్‌కి ఒక అద్దమైనా పెట్టండి. పది గజాలకోసారి చూసే అలవాటు ఉండాలి. నా మాట అంతవరకే.

బుల్లెట్‌చక్రం
అద్దం నేనూ పెట్టాను. మంచి సలహా.

వెల్డింగ్‌పొగ
నల్లరేగడి గారి అద్దం మాట నేను కూడా కస్టమర్లకి చెబుతాను ఇక.

సెడార్‌కొండ గారూ, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు, కొక్కెం మీద ఎంత బరువు దిగుతోందో ఎప్పుడైనా తూచారా? ట్రైలర్ మొత్తం బరువు వేరు, హిచ్ మీద కిందికి నొక్కే బరువు వేరు. మీ మాన్యువల్‌లో రెండూ విడివిడిగా ఉంటాయి.

సెడార్‌కొండ
మాన్యువల్ తీశాను. లాగడానికి 600 కిలోలు. హిచ్ మీద నిలువు బరువు 15 కిలోలు. పదిహేనేనా అని రెండుసార్లు చదివాను.

దుంగలు నింపి, డ్రాబార్ కొస కింద బాత్‌రూమ్ తూకం పెట్టి, హిచ్ ఎత్తుకి సరిపడా చెక్క దిమ్మె పెట్టి చూశాను. 38 కిలోలు! ట్రైలర్ మొత్తం 320.

పిట్స్‌బర్గ్_అమ్మాయి
రోడ్డు ట్రైలర్‌కి పది శాతం నుంచి పదిహేను శాతం ఉండాలంటారు కదా? 320కి 38 అంటే పన్నెండు శాతం, సరిగ్గానే ఉన్నట్టు కదా?

వెల్డింగ్‌పొగ
ఆ పది పదిహేను శాతం హైవే మీద వెళ్లే కారు ట్రైలర్‌కి. గంటకి 60 మైళ్లలో ఊగకుండా ఉండటానికి. ట్రైలర్‌తో ఏటీవీ అంత వేగం వెళ్లకూడదు, దాని వెనక స్ప్రింగులు అంత మోయలేవు. కొక్కెం మీద ఎక్కువ బరువు పడితే ముందు చక్రాలు తేలిపోతాయి. ఎగువ ఎక్కేటప్పుడు హ్యాండిల్ తిప్పినా బండి తిరగదు. బరువు పూర్తిగా వెనక్కి తోసేసినా తప్పే. ఎగువలో ట్రైలర్ డ్రాబార్ పైకి లేచి ఏటీవీ వెనక చక్రాల పట్టు పోగొడుతుంది.

నూజివీడు_తోట
నా పొలారిస్ మాన్యువల్‌లో వేగం కూడా రాశారు. ట్రైలర్‌తో 16 కిలోమీటర్లు దాటకూడదు. గతుకుల్లో, మలుపులో, ఎగువ దిగువల్లో 8 దాటకూడదు. చదివినప్పుడు మరీ తక్కువ అనిపించింది. గట్టు మీద ఒకసారి వెళ్లాక అదే సరైనదని తెలిసింది.

సెడార్‌కొండ
ఎనిమిదా. నేను ఆ రోజు పదిహేనులో ఉండి ఉంటాను.

బరువు తగ్గించడానికి దుంగలు వెనక్కి జరపనా?

వెల్డింగ్‌పొగ
జరిపితే ప్రతిసారీ కొలత మారుతుంది, ఏదో ఒక రోజు మరిచిపోతారు. ఇరుసునే జరపండి. ఇరుసు నుంచి కొక్కెం దాకా దూరం ఎంత?

సెడార్‌కొండ
సరిగ్గా ఒకటిన్నర మీటరు.

వెల్డింగ్‌పొగ
38 గుణిస్తే 1.5, దాన్ని 320తో భాగిస్తే 0.178. అంటే మీ సరుకు బరువు మధ్య బిందువు ఇరుసుకి దాదాపు 18 సెంటీమీటర్లు ముందు ఉంది. ఇరుసుని 12 సెంటీమీటర్లు ముందుకి జరిపితే కొక్కెం మీద 14 కిలోలు దాటదు. యూ బోల్టులే కాబట్టి కొత్త రంధ్రాలు వేస్తే చాలు. రెండు వైపులా ఒకే కొలత ఉండాలి, లేకపోతే ట్రైలర్ పక్కగా నడుస్తుంది.

అడిలైడ్_అన్న
అప్పుడు ఎగువలో తేలదా? కొక్కెం మీద 14 అంటే చాలా తక్కువ.

వెల్డింగ్‌పొగ
నిలువుగా ఎక్కితే తేలొచ్చు అన్నా. అందుకే దుంగలు ఎత్తుగా పేర్చకుండా పరచాలి. సరుకు ఎంత ఎత్తుంటే ఎగువలో దాని బరువు అంత వెనక్కి వెళ్తుంది. నాలుగు చక్రాల వాకింగ్ బీమ్ ట్రైలర్ అయితే ఈ బాధ బాగా తగ్గుతుంది. ఒక పక్క రెండు చక్రాలు తూగుటుయ్యాల లాగా ఊగుతాయి. ఒక చక్రం 30 సెంటీమీటర్లు లేస్తే ట్రైలర్ లేచేది అందులో సగమే. కొనే స్తోమత ఉంటే అదే మంచిది. ఉన్నదానితో చేసుకోవాలంటే ఇరుసు జరపడం.

గోదావరిగట్టు
దుంగలు అడ్డంగా కాకుండా పొడుగ్గా వేసి బెల్టులతో కట్టాలి. మా బావమరిది అలాగే చేస్తాడు.

బుల్లెట్‌చక్రం
పిన్ను గురించి ఒక మాట. హిచ్ పిన్ను ఊడకుండా పెట్టే ఆర్ క్లిప్ (తీగ క్లిప్పు) పొదల్లో నమ్మొద్దు. నాది ముళ్లకొమ్మ తగిలి ఊడిపోయింది. పిన్ను పైకి లేచి ట్రైలర్ దానంతట అది లోయలోకి దిగింది. కింద మనుషులు లేకపోవడం అదృష్టం. ఇప్పుడు పిన్ను బదులు బోల్టు, కింద దానంతట అది వదులవని నైలాక్ నట్టు. విప్పడానికి స్పానర్ కావాలి, కావాలంటే కావాలి.

నూజివీడు_తోట
ఇక్కడ స్ప్లిట్ పిన్ను కొస వంచి వదిలేస్తాం, కొమ్మ తగిలినా రాదు.

పిట్స్‌బర్గ్_అమ్మాయి
మెలి పూర్తిగా తిరిగే హిచ్‌కి సేఫ్టీ గొలుసు వేస్తే? ట్రైలర్ బోల్తా పడితే గొలుసు చుట్టుకుని మళ్లీ బిగుసుకోదా?

అడిలైడ్_అన్న
చక్కటి ప్రశ్న అమ్మాయీ. చుట్టుకుంటుంది, నేను చూశాను. రోడ్డెక్కే క్యాంపర్‌కి గొలుసు తప్పదు, చట్టం. పొలంలో ఏటీవీకి నేనైతే డ్రాబార్ కింద మధ్యలో ఒకే గొలుసు వేస్తాను, పక్కల్లో రెండు కాదు. మధ్యలో ఉంటే ట్రైలర్ పడుకున్నా లాగదు.

నల్లరేగడి
పొడుగు ఎంత ఉంచాలి?

అడిలైడ్_అన్న
పూర్తిగా మలుపు తిప్పినప్పుడు బిగవకూడదు, వదిలినప్పుడు నేల తాకకూడదు. మలుపు తిప్పి అక్కడే కొలిచి కోసుకోండి. కోశాక ట్రైలర్‌ని చేత్తో పక్కకి పడుకోబెట్టి ఒకసారి చూడండి.

సెడార్‌కొండ
పైకీ కిందికీ వంగే మాట తేలలేదు. స్పిండిల్ పెడితే మెలి వచ్చింది, నిలువు పిన్ను పెడితే మలుపు వచ్చింది. వాగు ఒడ్డు ఎక్కుతుంటే ఏటీవీ ముక్కు పైకి ఉంటుంది, ట్రైలర్ ఇంకా కిందికి దిగుతూ ఉంటుంది. అక్కడ?

వెల్డింగ్‌పొగ
అడగాల్సిందే అడిగారు. నిలువు పిన్ను ఒక్కటే ఉంటే ఆ వంపు పిన్ను వదులు మీద ఆధారపడుతుంది. అది చాలదు, రేకులు వంగుతాయి. నిలువు పిన్ను వెనక ఒక అడ్డ పిన్ను పెట్టాలి. నిలువు పిన్ను, అడ్డ పిన్ను, ఆ వెనక స్పిండిల్. ఈ మూడూ వరుసగా ఉన్నదాన్నే త్రీ యాక్సిస్ అని అమ్ముతారు. చిన్న ట్రైలర్లకి తగినది కొంటే రిసీవర్‌లో దూరేస్తే అయిపోయింది. చేయించుకుంటే మూడు పిన్నులూ వీలైనంత దగ్గరగా ఉండేలా చూడండి. పొడుగైతే బరువు బండి వెనక్కి వెళ్తుంది, మీకు ఉన్నవి పదిహేను కిలోలే. హిచ్ సొంత బరువు కూడా అందులో కలుస్తుంది.

ఇరుసుచీల
కొన్నా చేయించినా, పిన్ను చేతిలో పట్టుకుని రంధ్రంలో ఆడించి చూడు నాయనా. కొత్తలో గోరు మందం ఆడితే సంవత్సరానికి వేలు మందం ఆడుతుంది.

సెడార్‌కొండ
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. హిచ్ తీసేసి మూడు పిన్నులది ఒక ఫ్యాబ్రికేటర్ దగ్గర చేయించాను, స్పిండిల్ వెల్డింగ్‌పొగ గారు చెప్పినట్టే. ఇరుసు 12 సెంటీమీటర్లు జరిగింది. దుంగలు నింపి తూచాను, 14 కిలోల దగ్గర ఆగింది. అద్దం పెట్టాను. గొలుసు మధ్యలో ఒక్కటే. రక్షణ కమ్మీ ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు.

ముందు ఇంటి ముందర ఏటీవీ నిలబెట్టి, నేనూ మా ఆవిడా ఖాళీ ట్రైలర్‌ని చేత్తో ఎత్తి పూర్తిగా పక్కకి పడుకోబెట్టాం. ఏటీవీ కదల్లేదు. మా అబ్బాయి సీటు మీద చెయ్యి పెట్టి చూసి, ఏమీ తెలియడం లేదు నాన్నా అన్నాడు.

నిన్న వాగుకి వెళ్లాను. ఖాళీ ట్రైలర్, నడక వేగం, అదే రాయి. కుడి చక్రం ఎక్కింది, ఏటీవీ అదే గుంతలో దిగింది. అద్దంలో ట్రైలర్ బాగా ఒరగడం కనిపించింది. సీటు కింద ఏమీ లేదు. ఆపాను. ఏటీవీ నాలుగు చక్రాలూ నేల మీదే ఉన్నాయి. దిగి చూస్తే ట్రైలర్ ఎడమ చక్రం మీద నిలబడి ఉంది, ఇంకో అంగుళం అయితే పడేది. నల్లరేగడి గారూ, ఆ అద్దం లేకపోతే నాకు తెలిసేది కాదు.

నల్లరేగడి
సంతోషం. ఇంకో అంగుళం అన్నావు చూడు, దుంగలతో అయితే పడేదే. దాటే చోటు మార్చు.

సెడార్‌కొండ
మార్చాను. యాభై గజాలు పైన ఒడ్డు తక్కువగా ఉంది, అక్కడ తిన్నగా దాటుతున్నాను, ఏటవాలుగా కాదు.

వెల్డింగ్‌పొగ
స్పిండిల్ వెల్డ్ చేసిన చోట పెయింట్ చూశారా? మొదటి పది ట్రిప్పుల తర్వాత ఎక్కడైనా వెంట్రుకలా చిట్లితే లోపల పగులు మొదలైనట్టే. లాగడం ఆపి నాకు ఫొటో పెట్టండి.

సెడార్‌కొండ
నిన్న రాగానే టార్చి వేసి చూశాను. చిట్లలేదు. ఆదివారం ఆదివారం చూసి ఇక్కడే రాస్తాను.